ట్యాబ్ పాఠాలపై పరిశోధన: ఏ భాష పిల్లలూ లెక్క తప్పిపోకుండా చేసే పద్ధతి

ఎం.ఎడ్., పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరర్లు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా బడిలో గోండు, కొలాం, లంబాడా, ఉర్దూ, తెలుగు పిల్లలు కలిసి చదువుతున్నారు. యాప్ పనిచేస్తోందో లేదో ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా తేల్చాలి?"

చాలామంది దీన్ని థీసిస్ చివర్లో, 'పరిమితులు' అనే పేరాలో రెండు వాక్యాలతో సరిపెడతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. మీ ఫలితాల్లో ఏ పిల్లలు కనిపిస్తారు, ఎవరు కనిపించకుండా పోతారు అన్నది మొదటి రెండు నెలల్లోనే, ఇంకా ట్యాబ్ ఆన్ చేయకముందే తేలిపోతుంది. అందుకే కింది అడుగుల్లో ఎక్కువ భాగం తయారీ గురించే. వీటి క్రమం మార్చకండి.

ఉదాహరణ కోసం 4, 5 తరగతుల పిల్లలతో లెక్కల యాప్ మీద ఒక విద్యా సంవత్సరం సాగే అధ్యయనం అనుకుందాం. చోటు ఉమ్మడి ఆదిలాబాద్. మీది పాడేరు అయినా, సీతంపేట అయినా, హైదరాబాద్ పాతబస్తీ అయినా భాషల పేర్లు మారతాయి, పని మాత్రం ఇదే.

1. ముందు ప్రశ్నను సరిచేసుకోండి

"యాప్ వల్ల మార్కులు పెరిగాయా?" అని అడిగితే మీకు ఒకే ఒక సగటు వస్తుంది. సగటు ఏం దాస్తుందో చూడండి. వందమంది పిల్లల్లో 70 మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, 30 మంది గోండి మాట్లాడేవాళ్లు అనుకోండి. మొదటివాళ్లకు సగటున 10 మార్కులు, రెండోవాళ్లకు 2 మార్కులు పెరిగాయి. మొత్తం సగటు 7.6. నివేదికలో 'మంచి ఫలితం' అని రాసేస్తారు, ఆ 30 మంది సంగతి ఎవరికీ తెలియదు.

పరికరం ఇచ్చినంత మాత్రాన చదువు వస్తుందని ముందే అనుకోకండి. పెరూ దేశంలో 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన పథకాన్ని పరిశీలిస్తే లెక్కల్లోనూ భాషలోనూ మెరుగుదల కనిపించలేదని 2012లో తేలింది. కాబట్టి ప్రశ్నను ఇలా రాసుకోండి: "ఈ యాప్ ఏ పిల్లలకు, ఏ భాషలో, ఎవరి సాయంతో, ఎంత పనిచేస్తోంది?"

ఏయే గుంపులను విడిగా చూస్తారో ఇప్పుడే కాగితం మీద రాసి, తేదీ వేసి, మీ గైడ్‌కు ఇవ్వండి. ఫలితాలు వచ్చాక నచ్చిన గుంపును వెతుక్కోవడం పెద్ద తప్పు.

2. తరగతి భాషా పటం గీయండి

హాజరు పట్టికలో కులం కాలమ్ చూసి భాషను ఊహించకండి. అలాగే పిల్లలను "నీ మాతృభాష ఏంటి?" అని అడగకండి. బడిలో ఎవరో పెద్దవాళ్లు అడిగితే చాలామంది పిల్లలు "తెలుగు" అనేస్తారు. అదే సరైన జవాబేమోనని వాళ్ల భయం.

జనాభా లెక్కలు కూడా ఈ విషయంలో పూర్తిగా సాయం చేయవు. 2011 జనగణనలో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నా, పట్టికలో వాళ్లను హిందీ కింద చేర్చారు. ఆ లెక్క చూసి "ఈ మండలంలో హిందీ పిల్లలున్నారు" అని హిందీ ఆడియో పెట్టారంటే, తండా పిల్లలకు అది పరాయి భాషే అవుతుంది.

దీనికి బదులు ఒక్కో పిల్లవాణ్ని, ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు అడగండి:

- ఇంట్లో అమ్మతో ఏ మాట మాట్లాడతావు?
- నానమ్మ కథ చెబితే ఏ మాటలో చెబుతుంది?
- ఆటలో కొట్లాట వస్తే ఏ మాటలో తిట్టుకుంటారు?
- టీచర్ చెప్పింది అర్థం కాకపోతే ఎవరిని, ఏ మాటలో అడుగుతావు?

మూడో ప్రశ్నకు పిల్లలు నవ్వేస్తారు, నిజం కూడా చెప్పేస్తారు. కొలాం పిల్లలు ఇంట్లో కొలామి, ఊళ్లో గోండి, సంతలో మరాఠీ కలిసిన మాట, బడిలో తెలుగు వాడటం మామూలే. అందుకే 'భాష' అని ఒకే గడి పెట్టకుండా ఇల్లు, ఆట, బడి అని మూడు గడులు పెట్టండి. నాలుగో జవాబును విడిగా నోట్స్‌లో రాసుకోండి. అది తర్వాత జతలు కట్టేటప్పుడు పనికొస్తుంది.

ఇదే పటంలో ఇంకో మూడు విషయాలు చేర్చండి: ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా, ఉంటే సాయంత్రం అది ఎవరి దగ్గర ఉంటుంది; చూపు, వినికిడి ఇబ్బందులు ఉన్నాయా; ఏటా వలస వెళ్లే కుటుంబమా. వైకల్యాల కాలమ్‌లో బడి రికార్డు సున్నా చూపిస్తే నమ్మి వదిలేయకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో చాలావరకు టీచర్ కంటికి ఆనవు. బోర్డు మీది అక్షరాలు వెనక బెంచీ నుంచి చదివించినా కొంత తెలుస్తుంది.

3. జట్టులో ఆ ఊరివాళ్లను చేర్చుకోండి

గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లల కోసం పుస్తకాలు రాయడానికి ముందు సవర భాష నేర్చుకున్నారు. మనం మూడు నెలల్లో గోండి నేర్చుకోలేకపోవచ్చు. కానీ ఆ భాషలో పుట్టి పెరిగి, డిగ్రీ చదివిన యువతీ యువకులు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లను మొదటి రోజు నుంచే పెట్టుకోండి. ప్రశ్నపత్రం తయారైపోయాక అనువాదం కోసం పిలిస్తే ఉపయోగం సగమే.

- ప్రతి భాషకూ కనీసం ఒకరు, వీలైతే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి.
- రోజుకూలీ కాకుండా నెల జీతం. బస్సు చార్జీ విడిగా.
- "ఈ ప్రశ్న మా ఊళ్లో అడగకూడదు" అని చెప్పే హక్కు వాళ్లకు ఉండాలి. అలా చెప్పినప్పుడు కారణం రాసి పెట్టుకోండి.
- నివేదికలో వాళ్లు ఒప్పుకుంటే పేరు, చేసిన పని రాయాలి.

బడ్జెట్‌లో దీనికి డబ్బు లేదంటే రెండు ట్యాబులు తగ్గించుకోండి.

4. అనుమతులు, అంగీకారం

కాగితాల వరుస ఇది: మీ సంస్థ ఎథిక్స్ కమిటీ, ఆ తర్వాత డీఈఓ (జిల్లా విద్యాధికారి), గిరిజన ఆశ్రమ పాఠశాలైతే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్ట్ ఆఫీసర్, ఆపైన ఎంఈఓ (మండల విద్యాధికారి), హెచ్ఎం. వీటికి రెండు నెలలు కేటాయించుకోండి. ఇవన్నీ చేతికొచ్చినా తల్లిదండ్రుల అంగీకారం వచ్చినట్టు కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల డేటా తీసుకోవాలంటే నిర్ధారించుకోదగ్గ రీతిలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. పిల్లల మాట కూడా అడగాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, ఆపై వయసువాళ్ల దగ్గర రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. వాటిని రాసింది వైద్య, ఆరోగ్య పరిశోధనల కోసమే అయినా మన పనికీ బాగా ఉపయోగపడతాయి.

తరచూ జరిగే తప్పు: ఆశ్రమ పాఠశాలలో వార్డెన్ సంతకంతో అందరి సమ్మతీ వచ్చేసిందనుకోవడం.

సవరణ: జూన్‌లో పిల్లలను దింపడానికి, దసరా సెలవులకు తీసుకెళ్లడానికి అమ్మానాన్నలు బడికి వస్తారు. ఆ రోజుల్లో మీరు అక్కడ ఉండండి. రెండు నిమిషాల ఆడియోను వాళ్ల భాషలో వినిపించండి. ఏం రికార్డు చేస్తారు, ఎవరికి చూపిస్తారు, వద్దంటే పిల్లకు ట్యాబ్ పాఠం ఆగదు అనే మూడు సంగతులు అందులో ఉండాలి. తర్వాత "మీకేం అర్థమైందో చెప్పండి" అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పగలిగితేనే వేలిముద్ర తీసుకోండి. పక్కన సాక్షిగా ఊరివాళ్లు ఒకరు ఉండాలి, మీ జట్టు మనిషి కాదు.

5. ఊరి క్యాలెండర్ పక్కన మీ క్యాలెండర్ పెట్టండి

మీ బేస్‌లైన్ పరీక్ష (యాప్ మొదలుకాక ముందు పెట్టేది) తేదీలు ఖాయం చేసేముందు ఊరి పెద్దలతో కూర్చోండి. దీపావళి ముందు గోండు గూడేల్లో దండారీ, గుస్సాడీ నృత్యాల సందడి. పుష్యంలో కేస్లాపూర్ నాగోబా జాతర. బతుకమ్మ సెలవులు అందరికీ తెలిసినవే. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఉపవాసం ఉన్న పెద్ద పిల్లలకు మధ్యాహ్నం పరీక్ష పెట్టకూడదు. వేసవి మొదట్లో ఇప్పపూలు, ఆ తర్వాత తునికాకు. అప్పుడు ఇల్లంతా అడవిలోనే ఉంటుంది.

ఈ రోజుల్లో పరీక్ష పెడితే రానివాళ్లు ఎవరో మీకు ముందే తెలుసు. వాళ్లు రాకపోవడం 'యాదృచ్ఛికం' అని నివేదికలో రాయలేరు.

వలస పిల్లలకు వేరే ఏర్పాటు కావాలి. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలు చలికాలం మొదట్లో వచ్చి వర్షాల ముందు వెళ్లిపోతాయి. జూన్ నుంచి ఏప్రిల్ దాకా సాగే మీ అధ్యయనంలో వాళ్లు మధ్యలో వచ్చి చేరతారు. వాళ్ల కోసం చిన్న బేస్‌లైన్‌ను డిసెంబర్‌లో ఇంకోసారి పెట్టండి.

6. యాప్‌ను, ట్యాబ్‌ను పిల్లల చేతికిచ్చే ముందు తనిఖీ చేయండి

- సిగ్నల్ లేని చోట పాఠం తెరుచుకుంటుందా? ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వారం రోజులు వాడి చూడండి.
- లాగిన్ కోసం ఫోన్ నంబరు, ఇంగ్లిష్ పాస్‌వర్డ్ అడుగుతుందా? బొమ్మతో లాగిన్ అయ్యే దారి ఉండాలి.
- ప్రతి సూచనకూ ఆడియో ఉందా? గొంతు ఏ ప్రాంతపు యాసలో ఉంది?
- తప్పుకు ఎరుపు, ఒప్పుకు ఆకుపచ్చ మాత్రమేనా? రంగు తేడా పోల్చలేని పిల్లలకు గుర్తు కూడా కావాలి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నది చాలామంది పాటించే వెబ్ ప్రమాణం.
- ఉర్దూలో పెడితే తెర మొత్తం కుడి నుంచి ఎడమకు తిరుగుతుందా, అంకెలు మాత్రం సరిగానే ఉంటున్నాయా? బాణం గుర్తులు తప్పు వైపు చూపే యాప్‌లు చాలా ఉన్నాయి.
- గోండి పాఠమైతే ఏ లిపి? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అయినా పాత ట్యాబుల్లో ఫాంట్ లేక డబ్బాలు కనిపిస్తాయి. లిపి నిర్ణయం మీరు తీసుకోకండి, ఊరివాళ్లను అడగండి. ఆడియో ఉంటే ఆ చర్చ తేలేదాకా పని ఆగదు.

బొమ్మలు కూడా చూడండి. గిరిజన పిల్లలు డాన్సు దుస్తుల్లో తప్ప ఇంకెక్కడా కనిపించని పాఠాలు నాకు చాలా బాధ కలిగిస్తాయి. వాళ్లూ సైకిల్ తొక్కుతారు, లెక్కలు చేస్తారు, డాక్టర్ కావాలనుకుంటారు.

7. ప్రశ్నపత్రం: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

ఒక ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి గోండు పాప దగ్గర కూర్చున్నాను. ట్యాబ్‌లో గొంతు చెప్పింది: "బుట్టలో 24 వేరుశనగ కాయలున్నాయి. నలుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని చొప్పున వస్తాయి?" పాప 24 నొక్కింది. తప్పు. 4 నొక్కింది. తప్పు. తర్వాత 28. మూడుసార్లూ బజర్ మోగింది. తల దించుకుంది.

మా జట్టులోని తమ్ముడు అదే ప్రశ్నను గోండిలో చెప్పాడు. ఆ పాప వరండా దిగి, గుప్పెడు గులకరాళ్లు ఏరుకొచ్చి, నాలుగు కుప్పలు పోసి, ఆరు వేళ్లు చూపించింది. యాప్ లాగ్‌లో (యాప్ తనంతట తాను రాసుకునే చిట్టాలో) మాత్రం 'భాగహారం: బలహీనం' అని నమోదైంది. ఆమెకు రానిది భాగహారం కాదు, 'చొప్పున' అనే మాట.

మీ ప్రశ్నపత్రంలో ఇలాంటి మాటలెన్నో ఉంటాయి. వాటిని ఏరే పద్ధతి ఇది.

*మొదట:* భాషా భారాన్ని, లెక్క భారాన్ని విడదీయండి. ప్రతి నైపుణ్యాన్నీ మూడు రూపాల్లో అడగండి: మాటలు లేని అంకెల రూపం, బడి తెలుగులో, ఇంటి భాషలో నోటితో. మూడింటి మధ్య తేడాయే మీ పరిశోధనకు అసలు సరుకు.

*తర్వాత:* వెనక్కి అనువాదం చేయించండి. ఒకరు తెలుగు నుంచి గోండిలోకి మార్చాలి. అసలు ప్రశ్న చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ తెలుగులోకి తేవాలి. రెండు తెలుగు ప్రతులూ పక్కపక్కన పెడితే జారిపోయిన అర్థం కనబడుతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. అప్పటి పుస్తకాలు పాత టీచర్ల ఇళ్లలో ఇంకా దొరుకుతాయి. లెక్కల మాటలకు కొత్త పదాలు పుట్టించేముందు అవి వెతకండి.

*ఆపైన:* తెలుగు పిల్లల మధ్య కూడా తేడాలున్నాయని మరవకండి. పుస్తకంలో వేరుశనగ, తెలంగాణలో పల్లీలు, రాయలసీమలో ఒకచోట బుడ్డలు, ఇంకోచోట చెనక్కాయలు. మొక్కజొన్న అంటే తెల్లముఖం వేసిన పిల్లవాడు మక్కలు అనగానే లేచి కూర్చుంటాడు. భిన్నాలకు పిజ్జా ముక్కలు వద్దు, జొన్నరొట్టె చాలు. లిఫ్టు, ఎస్కలేటర్, విమాన టికెట్ ఉన్న ప్రశ్నలు తీసేయండి. గులకరాళ్లు, చాక్‌పీసులు, గోలీలు అందరికీ తెలుసు.

*చివరగా:* పరీక్ష కింది తరగతుల స్థాయి దాకా దిగాలి. ఢిల్లీలో కంప్యూటర్ ఆధారిత బోధనపై జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నట్టు తేలింది. తరగతి స్థాయి ప్రశ్నలే పెడితే అట్టడుగున ఉన్న పిల్లలకు మొదట్లోనూ సున్నా, చివర్లోనూ సున్నా. మధ్యలో వాళ్లు నేర్చుకున్న రెండంకెల కూడిక ఎక్కడా నమోదు కాదు.

8. పైలట్ (ముందస్తు ప్రయోగం): పదిమందితో, గట్టిగా మాట్లాడిస్తూ

ప్రతి భాషా గుంపు నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలను తీసుకోండి. ప్రశ్న వినిపించి, "ఇది ఏం అడుగుతోంది? నీ మాటల్లో చెప్పు" అనండి. జవాబు సరైనదా కాదా అన్నది ఈ దశలో ముఖ్యం కాదు. ఇద్దరు పిల్లలు ఒకే మాట దగ్గర తడబడితే ఆ ప్రశ్న మార్చాలి.

పైలట్ పిల్లలు అసలు అధ్యయనంలో ఉండకూడదు.

9. డేటా తీసుకునే రోజుల్లో

లాగ్ ఫైల్‌ను ఒక్కదాన్నే నమ్మకండి. "ఈ విద్యార్థి 3 గంటలు నేర్చుకున్నాడు" అని సర్వర్ చెబుతుంది. నిజానికి ఒకే ట్యాబ్ దగ్గర ముగ్గురు కూర్చుంటారు. ఒకరు పట్టుకుంటారు, ఒకరు నొక్కుతారు, మూడో పిల్ల భుజం మీంచి చూస్తుంది. ఆ మూడో పిల్ల ఎవరో మీకు తెలియాలి.

ఒక కాగితం మీద పిల్లల కోడ్ నంబర్లు రాసుకుని, ప్రతి 10 నిమిషాలకోసారి ట్యాబ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల నంబరు దగ్గర ఒక గీత పెట్టండి. నాలుగు పీరియడ్లు అయ్యేసరికి అమ్మాయిలకు ఎన్ని గీతలు, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లకు ఎన్ని గీతలు అన్నది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

రోజువారీ చెక్‌లిస్ట్:

- ఇవాళ రానివాళ్లు ఎవరు, ఎందుకు (టీచర్‌ను, స్నేహితులను, ఇద్దరినీ అడగాలి)
- కరెంటు, చార్జింగ్ ఎంతసేపు లేవు
- ఏ భాషలో వివరించాల్సి వచ్చింది, ఎవరు వివరించారు
- ఎవరైనా ఏడ్చారా, లేచి వెళ్లిపోయారా
- రికార్డింగులు పాస్‌వర్డ్ ఉన్న చోటికి చేరాయా, ట్యాబ్ నుంచి తుడిచారా

10. విశ్లేషణ

ముందుగా, అధ్యయనం మధ్యలో వెళ్లిపోయినవాళ్ల పట్టిక వేయండి. వాళ్ల బేస్‌లైన్ మార్కులను, చివరిదాకా ఉన్నవాళ్ల మార్కులతో పోల్చండి. ఆ తర్వాతే మిగతాది.

మీరు ముందే రాసిచ్చిన గుంపులవారీగా ఫలితం చూపండి. గణాంక నమూనాలో భాషా గుంపుకూ యాప్‌కూ మధ్య ఇంటరాక్షన్ పెట్టండి, అంటే యాప్ ప్రభావం గుంపును బట్టి మారుతోందా అని చూడండి. ఒకే బడి పిల్లల ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

గుంపులో ఐదారుగురే ఉంటే సగటు వేయకండి. ఆరుగురు కొలాం పిల్లల సగటుకు అర్థం లేదు. వాళ్లు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారో మాటల్లో రాయండి. ఒక బడిలో ఒకే కొలాం బాలిక ఉంటే పేరు తీసేసినా ఆమె ఎవరో ఆ మండలమంతా గుర్తుపడుతుంది. అక్కడ బడి వివరం కూడా తీసేయాలి.

"గిరిజన విద్యార్థులు వెనకబడి ఉన్నారు" అని రాసే ముందు మూడు రూపాల మార్కులు చూడండి. నోటి పరీక్షలో బాగా చేసి ట్యాబ్ పరీక్షలో తప్పితే, "యాప్ ఈ పిల్లల భాషను అందుకోలేకపోయింది" అని రాయాలి. వాక్యంలో కర్త మారితే జరగాల్సిన పని కూడా మారుతుంది.

11. తిరిగి ఊరికి వెళ్లండి

థీసిస్ సమర్పించకముందే వెళ్లాలి. ఒకే పేజీలో, పెద్ద అక్షరాల్లో, టీచర్లకు తెలుగులో రాసివ్వండి. తల్లిదండ్రులకు వాళ్ల భాషలో నోటితో చెప్పండి. వాళ్లు ఒప్పుకోని అర్థం మీరు తీసి ఉంటే, వాళ్ల అభిప్రాయాన్ని కూడా నివేదికలో చేర్చండి. రికార్డింగులు ఎప్పుడు చెరిపేస్తారో తేదీతో సహా చెప్పండి.

ట్యాబులు వెనక్కి తీసుకెళ్లేట్టయితే పిల్లలకు రెండు వారాల ముందే తెలియాలి. ఒకసారి మేం ఈ పని చేయలేదు. శనివారం సాయంత్రం సర్దుకుని వచ్చేశాం. సోమవారం టీచర్ ఫోన్ చేశారు. తప్పు జవాబులు ఎక్కువ నొక్కినందుకే తీసుకెళ్లిపోయారని పిల్లలు అనుకుంటున్నారట. ఆ వారంలోనే మళ్లీ వెళ్లాం. పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, కారణం గోండిలో చెప్పించాం. బజర్ మోగిన ప్రతిసారీ అది వాళ్ల తప్పు కాదని కూడా చెప్పించాం.